యోనా పేరు మీద మొక్కు

మా అత్త నాగులమ్మకు చదువు రాదు. అయినా ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర మా డీటీపీ షాపుకు వచ్చే ఏ కాగితంలో ఏముందో నాకంటే ఆమెకే బాగా తెలుసు. తప్పు నాదే. పైకి చదువుకుంటే తప్ప నా వేళ్లు కదలవు. పెళ్లి పత్రికైనా, మంచాల ఊరి రైతు ఎమ్మార్వోకు పెట్టుకునే అర్జీ అయినా, తుక్కుగూడ వైపు ప్లాట్ల కరపత్రమైనా ముందు నోటితో అనాలి, ఆ తర్వాతే టైపు చేయాలి. అత్త గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చాటలో బియ్యం ఏరుకుంటూ అన్నీ వింటుంది. ఊరికే వింటే బాధ లేదు, తీర్పులు కూడా ఇస్తుంది. "గీ పత్రికల మేనమామ పేరే లేదు. గీ పెండ్లిల లొల్లి ఖాయం" అని ఒకసారి పెళ్లివాళ్ల ముందే అనేసింది. వాళ్లు మళ్లీ మా షాపు మెట్లు ఎక్కలేదు.

దసరా వెళ్లిన వారానికి అరుణజ్యోతి మేడం వచ్చింది. దవాఖానలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. మా ఇద్దరు పిల్లలకూ టీకాలు వేసింది ఆమే. అత్త ఆమెను సిస్టరమ్మ అంటుంది. సంచిలోంచి పాలిథిన్ కవరు చుట్టిన పెద్ద నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టింది.

"అర్జీనా మేడం?" అన్నాను.

"కాదు భవానీ. నవల." ఏదో దొంగతనం ఒప్పుకుంటున్నట్టు చెప్పింది. "మా క్రైస్తవ కుటుంబం కథ. మధ్యమధ్యల కవితలు కూడ ఉన్నయి. క్రిస్మస్‌కు మా చర్చిల విడుదల చేద్దామని."

నిజం చెప్పొద్దూ, నాకు నీరసం వచ్చింది. నవల అంటుంది గానీ లోపల అంతా ప్రసంగమే ఉంటుందనుకున్నాను. మంచిగా బతకండి, అబద్ధాలాడకండి, ఆదివారం ఆలస్యంగా రాకండి, ఇంతే కదా అని మొదటి పేజీ తిప్పాను. అధ్యాయం మొదట్లో రెండు పాదాల కవిత ఉంది.

తలుపు చిన్నదని వంగి వచ్చాను,
వంగిన మెడకే కనబడింది నేల మీది గింజ.

చదివి ఆగాను. ఇంకోసారి చదివాను. అర్జీల్లో ఇలాంటి మాటలు తగలవు. అత్త చాట పక్కన పెట్టి, "గిది కోళ్లగూడు గురించి రాసిందా?" అంది.

"కాదత్తమ్మా. వినయం గురించి."

"గూట్లకు వంగిపోతే గింజ కనబడ్డదంటే కోళ్లగూడు కాకుంట మల్లేంది? నీకు తెల్వది, నువ్వు సదువు."

అట్లా మొదలైంది. కథలో మర్తమ్మ అని ఒకామె హాస్టల్లో వంట చేస్తుంది. భర్త లేడు. తొమ్మిదేళ్ల కొడుకు యోనా. వాడు ప్రార్థనలో ఒక కన్ను తెరిచి ఎవరెవరు కళ్లు మూసుకోలేదో చూసి తల్లికి చాడీలు చెబుతాడు. చర్చిలో, చేప కడుపులో మూడు రోజులున్న బైబిల్ ప్రవక్త యోనా కథ చెప్పినప్పుడు లేచి, "మూడు దినాలు అన్నం ఎవలు పెట్టిండ్రు?" అని అడుగుతాడు.

"మంచిగడిగిండు!" అని అత్త తొడ మీద కొట్టుకుంది. "ఎవ్వలు జెప్పిన కథైన గంతే. యుద్ధాలు చెప్తరు, వనవాసాలు చెప్తరు, అన్నం సంగతి చెప్పరు."

ఆ రోజు నుంచి ఆమె టీవీ సీరియళ్లు బందు పెట్టింది. పొద్దున షాపు తెరవగానే "యోనా ఏం జేసిండు?" అనేది. పెళ్లి పత్రిక అర్జంటు అని ఎవరైనా వస్తే వాళ్లను నాకంటే ముందు ఆమే కసిరేది. కవితలు కూడా వంటబట్టాయి. గింజ కవితకు బతుకమ్మ పాట వరస కట్టి, బియ్యం ఏరుతూ పాడుకునేది. మేడం ఒకసారి విని గుమ్మంలోనే ఆగిపోయింది. "మా చర్చిల కూడ ఇంత మంచిగ పాడరక్కా" అంది. అత్త మూడు రోజులు నేల మీద నడవలేదు.

పదమూడో అధ్యాయంలో యోనాకు జ్వరం వచ్చింది. మర్తమ్మ తడి గుడ్డ వేసింది, దవాఖానకు ఎత్తుకు పోయింది, మోకాళ్ల మీద కూర్చుంది. అక్కడితో నోటుబుక్కు అయిపోయింది.

"మిగిలింది రెండు దినాలల్ల ఇస్తా" అంది మేడం. రెండు వారాలైంది. ఫోన్ చేస్తే "రాస్తున్న భవానీ" అనేది. నాకు చిర్రెత్తుకొచ్చింది. క్రిస్మస్ తరుముకొస్తోంది, ప్రింటింగ్‌కు మా ఆయన రమేశ్ హైదరాబాద్ పోవాలి, ఈవిడకు తొందరే లేదు. నా గోల నాదైతే అత్త గోల ఇంకొకటి. పిల్లవాడికి జ్వరం దిగిందో లేదో తెలియక ఆమెకు అన్నం సహించలేదు.

ఒక గురువారం అత్త పొద్దున్నే ఎక్కడికో పోయి, చేతులకు పసుపుతో షాపుకు వచ్చింది.

"పోచమ్మకు మొక్కొచ్చిన. పిల్లగాడు లేచి తిరిగితే బోనం తీస్త, కోడిని కోస్త అని."

కీబోర్డు వదిలేసి లేచాను. "ఏ పిల్లగాడు? మనోడా? బళ్లె ఏమన్నయిందా?"

"మనోడికేమైతది, గుండురాయి లెక్కున్నడు. యోనా."

నేను నవ్విన నవ్వుకు జిరాక్స్ కోసం వచ్చినాయన భయపడి బయటికి పోయాడు. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది అత్తమ్మా! గా పిల్లగాడు కాయితం మీదున్నడు. అండ్ల వాళ్లు చర్చికి పోయేటోళ్లు."

"జరమొచ్చినంక చర్చేంది, గుడేంది?" అంది అత్త, నన్ను చూసి జాలిపడుతూ. "పోచమ్మ జరాలు సూసే తల్లి. ఆమె డ్యూటీ ఆమె చేస్తది. నడువు, సిస్టరమ్మ ఇంటికి పోదాం. మొక్కిన సంగతి ఆమెకు చెప్పాలె గదా."

ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. ఆ ఉలిపికట్టెకు కోడలినైనందుకు షాపుకు తాళం వేసి వెంట నడిచాను. దారంతా నాకు నవ్వే.

మేడం ఒక్కతే ఉంటుంది. టీ పెట్టింది. బల్ల మీద ఒకే రకం నోటుబుక్కులు మూడు తెరిచి ఉన్నాయి. మూడింటిలోనూ నాలుగు పేజీల రాత, తర్వాత ఖాళీ. అత్త టీ ముట్టకుండానే మొక్కు సంగతంతా చెప్పింది, కోడి రంగుతో సహా. మేడం కూడా నవ్వుతుందని చూశాను. నవ్వలేదు.

"ఎట్ల బతికియ్యాలె అక్కా?" అంది. "మూడు సార్లు రాసిన. మూడు సార్లు గిక్కడనే చెయ్యి ఆగిపోయింది. వాడు నా కొడుకు. తొమ్మిదేండ్లు. మెదడువాపు జరం, ఐదు దినాలు. నేను నర్సును, నాకు తెలిసిన వైద్యమంత చేయించిన. చేసిన ప్రార్థనకు లెక్క లేదు. బతికిండని రాస్తే అబద్ధమైతది. పోయిండని రాస్తే వాణ్ని నా చేతులతోని మల్ల బొంద పెట్టినట్టుంటది. పుస్తకం వద్దు, ఏమొద్దు. భవానీకి ఎట్ల చెప్పాల్నో తెలుస్త లేదు."

నాకు ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. కాగితం మీది పిల్లగాడు అని పొద్దున పకపకా నవ్విన నోరు ఇది. అత్త ఏదో ఒకటి అనేస్తుందని భయపడ్డాను. ఆమెకు నోరాగదు, చావింట్లో కూడా సలహాలిచ్చే రకం. కానీ ఆమె లేచి మేడం పక్కన కూర్చుంది.

"పేరేంది?" అంది.

"ఎవరిది?"

"నీ కొడుకుది. యోనా కాదు, అసలు పేరు."

మేడం తెరిచి ఉన్న నోటుబుక్కులను ఒక్కొక్కటే మూసింది. "ప్రభుదాసు" అంది.

"ప్రభుదాసు" అని అత్త మెల్లగా అంది. "పొట్టోడా, పొడుగోడా?"

"పొట్టోడు. కాళ్లు మాత్రం పెద్దయి. చెప్పులు దొరకకపోయేది."

"చేప కడుపుల అన్నం సంగతి అడిగింది వాడేనా?"

"వాడే అక్కా. అందరి ముందట గట్ల అడిగిండని ఇంటికొచ్చినంక కొట్టిన." మేడం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గది నవలల రాయలే."

టీ చల్లారిపోయింది. అత్త అడుగుతూ పోయింది, మేడం చెబుతూ పోయింది. వాడు చెట్టెక్కడం, లెక్కల్లో సున్నాలు, వాడికి ఇష్టమైన ఎర్రచొక్కా. లేచేటప్పుడు అత్త, "ఏం రాస్తవో రాయి సిస్టరమ్మా. మొక్కు గిక్కు మనసుల పెట్టుకోకు. నువ్వు ఏది రాస్తె గది నేనింట" అంది.

డిసెంబర్ రెండో వారంలో చివరి నోటుబుక్కు వచ్చింది. మేడం ఇచ్చి, నిలబడకుండా వెళ్లిపోయింది. అత్త కుర్చీ దగ్గరికి జరుపుకుంది. నేను ముందుగా చివరి పేజీలు తిప్పి చూసుకున్నాను. యోనా చనిపోయాడు.

అబద్ధం చదువుదామా అనుకున్నాను. అత్తకు చదువు రాదు, జ్వరం దిగింది, లేచి అన్నం అడిగాడు అని చదివేస్తే ఎవరికి తెలుస్తుంది? పుస్తకంలో ఎట్లా ఉంటే అట్లా ఉంటుంది. కానీ మేడం మూడు నోటుబుక్కులు తగలేసి తెచ్చుకున్న మాట అది. మింగేయడానికి మనసొప్పలేదు. ఉన్నదున్నట్టు చదివాను. అధ్యాయం పైన కవిత ఇది.

అడిగినది ఇవ్వలేదని అలిగి కూర్చున్నాను,
అడగని మనిషొకరు వచ్చి పక్కన కూర్చున్నారు.

అత్త అంతా విన్నది. చివరి పేజీ "మల్ల సదువు" అంది. మళ్లీ చదివాను. తీర్పు ఏమీ ఇవ్వకుండా చాట తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది. ఆ రోజు నేనొక్క పత్రికా టైపు చేయలేదు, కళ్లు తుడుచుకోవడమే సరిపోయింది.

ఆదివారం నాడు లేచేసరికి పెరట్లో కోడి కూర ఉడుకుతోంది.

"పిల్లగాడు పోయిండు గద అత్తమ్మా. మొక్కెట్ల తీరుస్తున్నవ్?"

"తీరుస్త లేను. తీరని మొక్కుకు కోడేంది? గిది ఊకె వండిన, ప్రభుదాసు పేరు మీద. గుడి కాడ కోస్తే సిస్టరమ్మ తినది, వాళ్లకు పనికిరాదు. పోచమ్మకు పొద్దుగాల్నే పోయి చెప్పొచ్చిన. గీ కోడి నీది కాదు తల్లీ, ఫికర్ చెయ్యకు అని."

అమ్మవారికే నచ్చజెప్పి వచ్చిన మనిషితో నేనేం వాదించగలను? చర్చి అయ్యాక మేడంను నేనే వెళ్లి పిలుచుకొచ్చాను. అత్త సంగతంతా చెప్పి, గుడిలో కొయ్యలేదని ఒట్టేసి మరీ వడ్డించింది. మేడం రెండు ముద్దలు తిన్నది. ముక్కను చేత్తో పట్టుకుని అట్లాగే చూస్తూ ఉండిపోయింది.

"ఉప్పెక్కువైందా?" అంది అత్త.

"లేదక్కా. వాడు కోడిని ముట్టకపోయేది."

"ఏందీ?"

"ఒకటి పెంచుకున్నడు. చుట్టాలొస్తె కోసినం. గా దినం సంది ముట్టలే."

అత్త గరిటె కింద పెట్టేసింది. "ముందుగాల చెప్పొద్దా సిస్టరమ్మా! కోడిగుడ్లు వండకపోదునా!"

"గుడ్లు కూడ తినకపోయేది. అండ్ల పిల్లలుంటయని."

ఒక్క క్షణం ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ముందు మేడమే నవ్వింది. తర్వాత అత్త, ఆ తర్వాత నేను. మేడం నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూనే మళ్లీ నవ్వింది. "ముప్పై ఏండ్ల సంది వాని మాట తీస్తె అందరు తల దించుకునుడే" అంది. "వాని మీద నవ్వుడు ఇయ్యాల్నే."

చేతులు కడుక్కున్నాక మేడం, "భవానీ, ఒక్క పని చేస్తవా? యోనా అని ఉన్న కాడల్ల వాని పేరు పెట్టు. మా కొడుకు పేరు" అంది. "ప్రవక్త యోనాను మాత్రం ఉంచు, ఆయన జోలికి పోకు."

ముగ్గురం షాపుకు వచ్చాం. ఒక్కొక్కచోటా ఆగి చూసుకుంటూ మార్చాను. చెట్టెక్కింది ప్రభుదాసు. ఒక కన్ను తెరిచి చాడీలు చెప్పింది ప్రభుదాసు. జ్వరం వచ్చింది కూడా ప్రభుదాసుకే. అక్కడ మేడం నా భుజం పట్టుకుంది, కానీ ఆగమనలేదు. అన్నీ అయ్యాక మొదటి పేజీకి వచ్చి, అంకితం దగ్గర ఆ పేరు ఒక్కటే టైపు చేశాను.

అత్త కుర్చీ దగ్గరికి లాక్కుని తెర మీదికి వంగింది. "ఏడున్నడు? చూపియ్యి."

వేలు పెట్టి చూపించాను. అత్త చాలాసేపు చూసింది. ఒక్క అక్షరం రాని మనిషి, ఆ పేరును పసివాడి మొహం చూసినట్టు చూసింది.

"గింత చిన్నగున్నడేంది?" అంది. "తొమ్మిదేండ్ల పోరడు. జర పెద్దగ చెయ్యి."

నేను మేడం వైపు చూశాను. ఆమె తల ఊపింది. నేను అక్షరాలను పెద్దవి చేశాను. అత్త చాలదంది. మళ్లీ చేశాను.