కుడిచేతి తొడుగు

నేను ఒక గేదె మెడ మీది చర్మాన్ని. మొదట్లో నా ఉద్యోగం అదే: ఈగలు వాలితే వణకడం, ఎండకి మాడడం, వానకి తడవడం. ఆ గేదె ఎలా పోయిందో నాకు తెలుసు గానీ చెప్పను. మీరు అన్నం తిని చదువుతూ ఉండవచ్చు. తర్వాత నన్ను సున్నపు నీళ్ళలో నానబెట్టారు, కత్తులతో గీకారు, పెద్ద పీపాలో మందులు పోసి దొర్లించారు, చెక్కకి మేకులతో బిగించి ఆరబెట్టారు. అంతా అయ్యాక ఒకాయన బొటనవేలితో నొక్కి చూసి, మెత్తబడిందన్నాడు. మనుషులు దేన్నయినా మెత్తబడిందన్నారంటే, దాన్ని ముందు బాగా బాదారని నాకు అప్పుడే అర్థమైంది.

కుట్టుమిషను సూది కింద నలిగి మోచేతి దాకా వచ్చే తొడుగునయ్యాను. వెల్డింగు పనివాళ్ళు వేసుకునే ముతక రకం. నేను కుడిచేతిదాన్ని. ఎడమచేతిది నా జోడు. గాజువాకలో ఒక ఇనప సామాన్ల కొట్టు ముందు మమ్మల్ని దారంతో కట్టి వేలాడదీస్తే దాలినాయుడు అనే వెల్డరు కొనుక్కున్నాడు. అతను మాట తక్కువ మనిషి. అతని తరఫున నిప్పురవ్వలే మాట్లాడేవి. కాలిన ఇనుమును నేను పట్టుకున్నాను, సుత్తి దెబ్బలు కాచుకున్నాను. నా వెనకవైపంతా నల్లని మచ్చలు పడ్డాయి. అతని చర్మం మీద మాత్రం పడలేదు. దానికోసమే నన్ను కొన్నాడు కాబట్టి నాకు ఫిర్యాదు లేదు.

ఒకసారి అతను భీమిలి వైపు జీడితోటల మధ్య ఉన్న ఒక రేకుల షెడ్డుకి ఇనప వల తలుపులు బిగించడానికి వెళ్ళాడు. అది పిల్లుల ఆశ్రమం. మామూలు పిల్లులు కావు, ఎవరూ పెంచుకోనివి. కాళ్ళు తెగినవీ, కళ్ళు పోయినవీ, తల నిలవక నడిస్తే గిరగిరా తిరిగి పడిపోయేవీ. సాలొమి అనే రిటైరైన నర్సు వాటిని చూసుకునేది. అందరూ ఆవిణ్ణి సిస్టరమ్మ అనేవాళ్ళు. ఆవిడ కొంగు సర్దుకుంటున్నప్పుడు దాలినాయుడు ఆ చేతులు చూశాడు.

“అవేటమ్మా సేతులు? కొబ్బరికోరు మీద రుద్దినట్టున్నాయి.”

“ప్రేమ నాయనా,” అందావిడ.

అతను మా జతని విప్పి ఆవిడ బల్ల మీద పెట్టాడు. “ఉంచండి. నాను ఇంకో జత కొనుక్కుంటాను,” అని వెళ్ళిపోయాడు. అలా మేము చేతులు మారాం.

నిప్పుని ఆపిన నేను మూడు కిలోల జంతువు ముందు ఓడిపోయాను. అక్కడ దొర అని ఒక గండుపిల్లి ఉండేది. ఎవరో దాని కళ్ళలో ఏదో పోశారు. డాక్టరు రెండు కళ్ళూ తీసేసి కుట్లు వేశాడు. ఎవరి చెయ్యి తగిలినా దానికి ఆ పోసిన చెయ్యే. గోళ్ళు దింపి, వెనక్కాళ్ళతో చీరేస్తూ, గొంతు చిరిగిపోయేలా అరిచేది. దాని కోరలు నాలోకి దిగితే లోపలున్న వేలికి వెంట్రుకవాసి దూరంలో ఆగేవి. ఒక్కోసారి ఆగేవి కావు. మందు వేయడం అయ్యాక అదే దొర మూలకి వెళ్ళి తన పాదాలు తాను నాక్కునేది.

ఆ రోజుల్లోనే నూకరత్నం వచ్చింది. హార్బరు దగ్గర చేపలు కోసి బాగుచేసే పని ఆమెది. చేపల గంపలో గోనెపట్టా వేసి, దాని మీద ఒక నల్లపిల్లిని పడుకోబెట్టి తెచ్చింది. పిల్లి ముందుకాళ్ళు గంపని గీరుతున్నాయి. వెనక్కాళ్ళు తడిగుడ్డల్లా పడి ఉన్నాయి.

“ఏమైంది?” అంది సిస్టరమ్మ.

“పడిపోనాది.”

“ఎక్కణ్ణించి?”

“మేడ మీంచి.”

సిస్టరమ్మ ఆమె చిట్లిన పెదవిని, వాచిన చెంపని చూసింది. “మరి నువ్వో?”

“నానూ పడిపోనాను.”

ఆవిడ గంపని లోపలికి అందుకుంది. తర్వాత నూకరత్నమే చెప్పింది. మొగుడు పైడిరాజు ఆటో నడుపుతాడు. ఇంటికి వచ్చేసరికి ఆమె అతనికంటే ముందు పిల్లికి పెడుతోందట. దాన్ని తోక పట్టి ఎత్తి మేడ మీంచి కిందికి విసిరాడు. తర్వాత ఆమె వంతు.

పిల్లికి వెన్నుపూస విరిగింది, ఇక నడుము కింద స్పర్శ ఉండదని డాక్టరు చెప్పాడు. బతకాలంటే ఉదయం, సాయంత్రం ఎవరో ఒకరు పొట్ట నొక్కి మూత్రం పోయించాలి. అది ఇంటికాడ కుదరదంది నూకరత్నం. “అయితే ఇక్కడే ఉండి చెయ్యి,” అంది సిస్టరమ్మ. ఆమె ఉండిపోయింది. పిల్లికి బొగ్గు అని పేరు పెట్టింది.

మేము ఆమె చేతులకి వదులుగానే ఉండేవాళ్ళం. ఎడమచేత్తో బొగ్గు పొట్ట నొక్కేది, కుడిచెయ్యి దాని నోటి ముందు ఉంచేది. బొగ్గు నన్ను కరిచిపట్టుకుని తల విదిలించేది. చచ్చిన నడుముకి తెలియని నొప్పంతా దవడల్లోకి వచ్చేది. మూతికి గుడ్డ చుట్టమని సిస్టరమ్మ చెబితే నూకరత్నం ఒప్పుకోలేదు.

“కొరకనీ అమ్మా. దాని కోపం ఇంకా తీర్నేదు.”

పిల్లి కరిచినప్పుడు నాలో ఆమె చెయ్యి కదిలేది కాదు. రోడ్డు మీద ఆటో చప్పుడైతే మాత్రం అరచేయి చెమటతో నానిపోయేది. ఆ సంగతి నాకు ఒక్కదానికే తెలుసు.

పైడిరాజు గేటు దాకా వచ్చి అరిచి వెళ్ళడం అప్పుడప్పుడూ జరిగేదే. పోలీసులని పిలుస్తానని సిస్టరమ్మ అంటే తిట్టుకుంటూ పోయేవాడు. ఒక మధ్యాహ్నం ఆవిడ వెనక గదిలో గిన్నెలు కడుగుతోంది. నూకరత్నం మమ్మల్ని తొడుక్కుని దొరకి మందు వేస్తోంది. అతను గేటు దూకి లోపలికి వచ్చేశాడు. చేతిలో చేపలు కోసే కత్తి ఉంది. అది నూకరత్నందే, ఇంట్లో వదిలేసి వచ్చింది.

“ఇంటికి రాయే,” అన్నాడు. గొంతు మెత్తగానే ఉంది. “పేటలో అందరూ నవ్వుతున్నారు. పిల్లుల ఉచ్చలెత్తడానికి మొగుణ్ణొగ్గీసి పోనాదని.”

ఆమె దొరని గూట్లో పెట్టి గడియ వేసింది. “నవ్వనీ.”

“ఏటే, మొగుడికన్నా పిల్లులెక్కువైపోనాయా నీకు?”

“ఎల్లిపో, పైడిరాజూ.”

ఆమె అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారని అతని ముఖం చూస్తే తెలిసింది.  అప్పుడే బొగ్గు నేల మీద వెనక్కాళ్ళు ఈడ్చుకుంటూ నూకరత్నం దగ్గరికి వస్తోంది. అతను వంగి దాని మెడ పట్టుకుని పైకెత్తాడు. “ఇంకా సావలేదా ఇది,” అని కత్తి ఎత్తాడు.

నూకరత్నం కత్తిని పట్టుకుంది. పిడి కాదు, అంచు. నేను మూసుకున్నాను. అతను లాగాడు. నా అరచేయి ఈ చివరి నుంచి ఆ చివరికి తెరుచుకుంది. లోపలి నుంచి వేడిగా నెత్తురు వచ్చి నన్ను నింపింది. ఆమె వదల్లేదు. అతను బొగ్గుని వల తలుపు మీదికి విసిరేసి, ఖాళీ అయిన చేత్తో ఆమె తల మీద, చెవి మీద గుద్దాడు. షెడ్డులో పిల్లులన్నీ ఒక్కసారిగా అరవసాగాయి. ఆమె ఎడమచేతిని కూడా నా మీద వేసి మెలి తిప్పింది. కత్తి నేల మీద పడింది. ఆమె దాన్ని కాలితో నీళ్ళతొట్టి కిందికి తన్నింది.

అక్కడితో ప్రాణభయం తీరిపోయింది. ఆమె నన్ను పిడికిలిగా బిగించి అతని ముక్కు మీద కొట్టింది. అతను నీళ్ళతొట్టికి తగిలి వెల్లకిలా పడ్డాడు. ఆమె అతని గుండెల మీద కూర్చుని కొట్టింది. అతను చేతులు అడ్డం పెట్టుకుంటే చేతుల మీద, తీస్తే ముఖం మీద. నాలోని ఆమె నెత్తురూ అతని నెత్తురూ కలిసిపోయి ఏది ఎవరిదో తెలియలేదు. సుత్తి దెబ్బలు కాచుకున్నదాన్ని, ఆ రోజు సుత్తినయ్యాను. సిస్టరమ్మ పరిగెత్తుకొచ్చి ఆమె నడుము పట్టి వెనక్కి లాగింది.

“చాలు రత్నం. చచ్చిపోతాడు. చాలమ్మా.”

బొగ్గుకి రెండు పళ్ళు ఊడాయి గానీ బతికింది. నూకరత్నం వేళ్ళు నిలిచాయి. నడిమి వేలు మాత్రం ఇక పూర్తిగా ముడుచుకోదన్నారు. పోలీసులు నన్నూ కత్తినీ తీసుకెళ్ళారు. నా జోడు షెడ్డులోనే ఉండిపోయింది. మనుషుల విడాకులకి ఏళ్ళు పడతాయట, మాది ఒక్క పూటలో అయిపోయింది.

చాలాకాలానికి నన్ను కోర్టులో బల్ల మీద పెట్టారు. పైడిరాజు ముక్కు వంకరగా అతుక్కుంది. కొత్త చొక్కా వేసుకుని, తల దించుకుని నిలబడ్డాడు. అతని ప్లీడరు నన్ను రెండు వేళ్ళతో ఎత్తి అందరికీ చూపించాడు. పిల్లుల దగ్గర నాకు ఎప్పుడూ అంత అసహ్యం ఎదురవ్వలేదు. అతను సాక్షి బోనులో ఉన్న నూకరత్నం వైపు తిరిగాడు.

“ఈ గ్లౌజు వేసుకునే నా క్లయింటుని కొట్టావా?”

“కొట్టాను సార్.”

“కత్తి అతని చేతిలో ఉండగానా, కింద పడ్డాకా?”

సర్కారు వకీలు ఆమెకి ముందే చెప్పి ఉంచాడు, గుర్తులేదనమని. కొట్టింది కత్తి కింద పడ్డాకే అని తెలిసినవాళ్ళం నేనూ, ఆమే, పైడిరాజూ. నాకు నోరు లేదు, పైడిరాజు మాట ఎవరూ నమ్మరు. నూకరత్నం నా వైపు చూసింది.

“పడ్డాక సార్.”

“అంటే నీకు ప్రమాదం లేనప్పుడు కొట్టావన్నమాట.”

“అవును సార్. ఆగలేకపోనాను.”

సర్కారు వకీలు కాగితాల్లోకి తల దించుకున్నాడు. జడ్జిగారు కళ్ళజోడు తీసి ఆమెని చూసి, మళ్ళీ పెట్టుకుని రాసుకున్నారు. తీర్పు రోజున పైడిరాజుకి జైలు పడింది. కింద పడినవాణ్ణి అంతలా కొట్టడం తప్పేనని ఆమెకీ మందలింపు వచ్చింది. ఆమె తల ఊపి విన్నది.

హాలు ఖాళీ అవుతుండగా సిస్టరమ్మ ఆమె పక్కకి వచ్చింది. “గుర్తులేదంటే సరిపోయేది కదమ్మా. ఎందుకు చెప్పావు?”

“ఇన్నేళ్ళూ నానే పడిపోనానని సెప్పాను గదమ్మా,” అంది నూకరత్నం. “తిన్న దెబ్బలన్నీ అలాగే దాసీసాను. కొట్టినవి కూడా దాసీస్తే నాకింకేటి మిగుల్తాది? పదండి, బొగ్గుకి పొట్ట నొక్కే ఏళైపోతంది.”

ఇద్దరూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. నన్ను వెనక్కి ఇవ్వమని ఎవరూ అడగలేదు. గుమాస్తా నన్నూ కత్తినీ ఒకే సంచిలో పెట్టి, లక్క సీలు వేసి, బీరువాలో అడుగున పడేశాడు. కత్తికి తుప్పు పడుతోంది. నా లోపలి నెత్తురు ఎండి తోలంతా చెక్కలా బిగుసుకుంది. ఇప్పుడు నాలో ఏ చెయ్యీ లేదు. వేళ్ళు మాత్రం పిడికిలి ముడుచుకునే ఉన్నాయి.