వెండి లేని ఎరుపు

ఆ బండి ఎరుపు ఒక్క రంగు కాదు. నల్ల ప్లాస్టిక్ మీద బూడిదరంగు ప్రైమరు, దాని మీద మెరుపుపొడి కలిసిన వెండిరంగు, ఆ పైన గాజులా అడుగు కనిపించే ఎరుపు, అన్నిటికీ పైన రంగులేని క్లియరు. ఎండలో పెడితే భగ్గుమంటుంది, నీడలోకి తోస్తే నల్లబడుతుంది. ఎరుపు ఒక్క పూత తగ్గితే పాలిపోతుంది, ఒక్కటి ఎక్కువైతే మాడిపోతుంది.

ఈ సంగతి ఆ ఇంట్లో తెలిసింది పెద్దకోడలు ఒక్కర్తికే. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే మనిషి. వెలుతురు దేంట్లోంచి ఎలా పోతుందో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. బండీ ఆమెదే, పెళ్ళికి ముందు కొనుక్కున్నది.

"ఒక్క గంటలో తెచ్చేస్తా వదినా" అని పట్టుకెళ్ళిన మరిది కుడివైపు ఫెయిరింగు, అదే పక్కనుండే ప్లాస్టిక్ తొడుగు, అంతా గీరుకుపోయిన బండిని తెచ్చి నిలబెట్టాడు. గాలికి పడిపోయిందట! తను పక్కన కూడా లేడట! నిలబెట్టిన బండి పడితే ఒకచోట దెబ్బ తగులుతుంది గానీ మూరెడు పొడవున గీతలు పడతాయా? అది రోడ్డు మీద జారిన బండి. ఆ మాటే ఆమె అంటే, "గాలి వాడి చేతిలో ఉందా అమ్మా?" అని అత్తగారు వెనకేసుకొచ్చింది. మొగుడు పేపర్లోంచి తలెత్తలేదు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఆమె అడిగింది కొత్త బండి కాదు. నేనే పడేశాను అని వాడు తన నోటితో అంటే చాలు.

వాడి నోరు తెరిపించలేకపోయింది, కనీసం బండినైనా బాగుచేసుకుందామనుకుంది. కంపెనీ ఆ ఎరుపు చెయ్యడం మానేసింది. రంగుల కొట్టువాడు అటక మీద వెతికి చివరి చిన్న డబ్బా ఇచ్చాడు. ఒక్క ఫెయిరింగుకి సరిపోతుంది, అంతే. నాలుగు ప్లాస్టిక్ ముక్కలకి వెండిరంగు కొట్టి, వాటి మీద ఎరుపు ఒకటి, రెండు, మూడు, నాలుగు పూతలు వేసి, వెనక అంకె రాసింది. వాటిని చెక్కుచెదరని ఎడమవైపు ఆనించి ఎండలో చూసింది, నీడలో చూసింది, వంగి పక్కనుంచి చూసింది. మూడు పూతల ముక్క అంచు కూడా తెలియకుండా కలిసిపోయింది. ఆ అంకె చుట్టూ గీత గీసి, ఫెయిరింగు ఊడదీసి ప్రైమరు కొట్టి షెడ్డులో ఆరబెట్టి, మర్నాడు పనికి వెళ్ళింది.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి పెరట్లో షెడ్డు తలుపు బార్లా తీసి ఉంది. ఫెయిరింగు తీగకి వేలాడుతోంది. అప్పుడే ఆరిన ఇటుకరంగు, మచ్చుకైనా మెరుపు లేదు.

"నువ్వొచ్చేసరికి అయిపోవాలని పొద్దున్నే మొదలెట్టా వదినా! మూడు పూతలు, లెక్కపెట్టి మరీ!" మరిది మొహం వెలిగిపోతోంది.

"వెండిరంగేదిరా?"

"వెండిరంగేంటి? ఇది ఎర్రబండి కదా?"

ఆమె డబ్బా ఎత్తి వంచింది. చుక్క రాలలేదు. గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే.

"నా వస్తువు ముట్టుకునే ముందు అడగాలని ఈ ఇంట్లో ఒక్కళ్ళకీ తెలీదా? పాడుచేసేదీ నువ్వే, బాగుచేసేదీ నువ్వేనా?"

అరుపులకి మొగుడు పరిగెత్తుకొచ్చాడు. "పోనీలే, వాడు మంచికే చేశాడు."

"మీ తమ్ముడి మంచితనానికి నా బండే దొరికిందా?"

"ముక్క వెనక మూడు అనే ఉంది. వెండి అని రాయలేదుగా నువ్వు" అని గొణిగాడు మరిది.

రాయలేదు, నిజమే. చూసేది తనొక్కర్తే అనుకుంది. ఆ మాటతో కోపం దిగకపోగా రెట్టింపయింది, ఇప్పుడందులో కొంత తన మీద కూడా. ఆమె బకెట్‌తో నీళ్ళు తెచ్చుకుని, గరుకు కాగితం తడిపి, కూర్చుని రుద్దడం మొదలెట్టింది. ఎర్రనీళ్ళు పాదాల కిందికి పారాయి. మొగుడు లోపలికి వెళ్ళిపోయాడు.

"మళ్ళీ ఏం రంగేస్తావు?" అన్నాడు మరిది.

"ఏదీ వెయ్యను. బూడిదరంగుతోనే బిగిస్తా."

"ఒకవైపు ఎరుపు, ఒకవైపు బూడిదా? వీధిలో అందరూ అడుగుతారు వదినా!"

"అడగనీ. పడ్డప్పుడు నేను లేను, మా మరిదిని అడగండి అంటా. ఎన్నాళ్ళైనా సరే, ఎంతమందైనా సరే."

ఆమె రుద్దుతూనే ఉంది.

"గాలికి కాదు వదినా" అన్నాడు చివరికి. "మలుపులో జోరుగా తిప్పా. జారింది."

గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. అంతా వింది. ఇన్నాళ్ళకి బయటికొచ్చిన ఆ మాటకి ఆవిడ ఏమంటుందా అని కోడలు చెయ్యి ఆపి చూసింది.

"అయ్యో నాయనా! నీకేం దెబ్బ తగల్లేదు కదా?" అంది అత్తగారు.

అంతే. కోడలి వైపు కన్నెత్తైనా చూడలేదు.

కోడలు మిగిలిన ఎరుపు కూడా రుద్దేసి, లేచి చేతులు కడుక్కుంది. బూడిదరంగు ఫెయిరింగు బిగించింది. ఇంట్లో తాళాలన్నీ తగిలించే మేకు దగ్గరికెళ్ళి, తన బండి తాళం తీసి సంచిలో వేసుకుంది.

"అదేంటి, రేపు వాడు పనికెలా వెళ్తాడు?" అంది అత్తగారు కంగారుగా.

"కాళ్ళకేం దెబ్బ తగల్లేదుగా అత్తయ్యా. నడిచి వెళ్తాడు."