మ్యాపులో లేని వాడ

2007లో స్తుతి ఖమ్మం చుట్టూ వేయబోయే కొత్త రోడ్డుకు ప్లాను గీస్తోంది. పినపాక నుంచి కిక్కిరిసి బయల్దేరే బస్సు ఖమ్మం బస్టాండుకు దాదాపు ఖాళీగా ఎందుకు వస్తుందో ఆమెకు అంతుపట్టలేదు. ఒక ఆదివారం తానే ఆ బస్సెక్కింది.

పట్టణం ఇంకా రాకముందే, పొలాల మధ్య ఒక మలుపులో జనమంతా దిగడానికి లేచారు.

"ఈడేముంది పెద్దమ్మా?" అని పక్క సీట్లోని సవరమ్మ అనే ముసలామెను అడిగింది.

"మా ఇండ్లు బిడ్డా. పినపాక దిక్కు గోదారి వరదల ఊర్ల ఇండ్లు పోతే కూలికొచ్చి ఈడనే ఉండిపోయినం. చుట్టాల కోసం ఆడికి పోయొస్తుంటం. దా, చూద్దువు."

స్తుతి ఆమె వెంట నడిచింది. తుమ్మచెట్ల అవతల రేకుల ఇళ్లు, చిన్న చర్చి, చాయ్ హోటలు కనిపించాయి. తన మ్యాపులో అదంతా ఖాళీ జాగా. కొత్త రోడ్డు గీత ఆ ఇళ్ల మీదుగానే పోతోంది.

మరుసటి వారం తన ఆఫీసరు ఎబినేజర్‌ను అక్కడికి తీసుకొచ్చింది. ఆయన వాడంతా, దాని వెనక కాలువ దాకా తిరిగి చూశాడు.

"రోడ్డును కాలువ పక్కకు జరుపుదాం. ఈడ బస్ స్టాపు కూడా పెడదాం," అన్నాడు.

స్తుతి సవరమ్మ వైపు తిరిగింది. "స్టాపుకు ఏం పేరు రాయాలె పెద్దమ్మా?"

"మేమింకా పేరే పెట్టుకోలే," అంది సవరమ్మ, ఇరుగుపొరుగును పిలుస్తూ.