తొమ్మిదో పాట ఎవరిది?

గోపినాథ్ పోర్ట్‌బ్లెయిర్ హాడోలో హార్బర్ ఆఫీసు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో ముప్పై నాలుగేళ్లు పనిచేశాడు. అన్నేళ్లలో రేవు దగ్గరికి నాలుగుసార్లు వెళ్లుంటాడు, అదీ జెండా వందనానికి. రిటైరైన మర్నాడే ఫోన్ చేసి, "ఇక అసలు పని మొదలుపెడదాం" అన్నాడు. మొక్కలు పెంచుతాడేమో అనుకున్నాను. కాదట. నియాన్ అంబ్రెల్లాస్ ఆల్బమ్‌లన్నీ మళ్లీ మొదటినుంచి వినాలట. ఆదివారానికి ఒకటి చొప్పున, శ్రద్ధగా.

నియాన్ అంబ్రెల్లాస్ అంటే ఇంగ్లండులో ఎనభైల్లో వెలిగి ఎనభైల్లోనే ఆరిపోయిన పాప్ బ్యాండు. నలుగురు కుర్రాళ్లు, కళ్లకు కాటుక, భుజాల్లో దిండ్లు పెట్టి కుట్టిన కోట్లు, నాలుగు కీబోర్డులు. వాళ్ల ఊళ్లోవాళ్లే వాళ్లని మర్చిపోయారు. పోర్ట్‌బ్లెయిర్‌లో మాత్రం ముగ్గురం మిగిలాం. గోపి, మిడిల్ పాయింట్‌లో కళ్లజోళ్ల షాపున్న గణేశ్వరరావు, ఆస్పత్రిలో నర్సుగా రిటైరైన నేను, కనకలక్ష్మిని. ముగ్గురం కాలేజీలో ఒకే క్లాసు. అప్పట్లో ఆ పాటల్లో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అందుకే అంత గొప్పగా ఉండేవి.

నియమాలు గోపీయే రాశాడు. పాట నడుస్తుంటే మాట్లాడకూడదు. పకోడీలు నమలకూడదు. అభిప్రాయం చెప్పేముందు చెయ్యెత్తాలి. చెయ్యెత్తినా వాడు చూడడు, అది వేరే సంగతి.

మొదటి ఆల్బమ్ ప్రశాంతంగా గడిచింది. రెండోదానికి గణేశ్, "ట్రంపెట్ దూర్చి పాడుచేశారు" అన్నాడు. ఇదే ట్రంపెట్ మీద ఎనభై తొమ్మిది నుంచి వీళ్లిద్దరూ రెండేళ్లు మాట్లాడుకోలేదు. గణేశ్ పెళ్లికి గోపి వచ్చి, శుభ్రంగా భోంచేసి, పెళ్లికూతురిని మాత్రమే ఆశీర్వదించి వెళ్లిపోయాడు. ఈసారి ఇద్దరికీ బీపీ ఉండటంవల్ల గొడవ పది నిమిషాల్లో ముగిసింది.

మూడో ఆదివారం మూడో ఆల్బమ్. గణేశ్ ఫోన్‌లో పెట్టాడు. సముద్రం అడుగున కేబుల్ వేశాక మా దీవులకి కూడా ఇంటర్నెట్ వచ్చింది కదా, క్యాసెట్టు ఎందుకన్నాడు. ఎనిమిది పాటలు అయ్యాయి. ఆగిపోయింది.

"తొమ్మిదోది?" అన్నాడు గోపి.

"ఇందులో ఎనిమిదే ఉన్నాయిరా."

గోపి లేచి బీరువాలోంచి తన క్యాసెట్టు తీశాడు. ఎనభై ఆరులో మద్రాసు ఓడలో పనిచేసే మల్లేశు భయ్యా మాకు కాపీ చేసిచ్చిన టేపు అది. చివర్లో తొమ్మిదో పాట ఉంది. సన్నటి కీబోర్డు, వెనక ఒక మూలుగు లాంటి చప్పుడు, దూరం నుంచి ఒక మగగొంతు. 'లవర్ అవే... లవర్ అవే... ఈజీ... హోల్డ్ టూ...'

ఆ పాట మీద గోపి కాలేజీ మ్యాగజైనులో వ్యాసం రాశాడు. ప్రేయసి దూరమైంది, మెల్లగా నన్ను పట్టుకో అంటున్నాడట కవి. మూతపడిన ఫ్యాక్టరీల మధ్య ఇంగ్లండు యువకుడి ఒంటరితనం అంతా అందులో ఉందట. ఇంగ్లండు మాట దేవుడెరుగు, అప్పటికి గోపి మా దీవుల్లోనే ఉన్న మాయాబందర్ కూడా చూడలేదు.

"అంటే ప్రపంచంలో ఎవరిదగ్గరా లేని పాట మన దగ్గరుంది," అన్నాడు. ఆ వారంలోనే దాన్ని అభిమానుల వెబ్‌సైట్లో పెట్టేశాడు. ప్రపంచం మొత్తం మీద నాలుగు వందల మంది సభ్యులున్న ఆ సంఘంలో భూకంపం వచ్చింది. ఒకాయన కన్నీళ్లు ఆగలేదని రాశాడు. ఇంకొకాయన ఇది బ్యాండు శిఖరమన్నాడు. గోపి రోజూ పొద్దున్నే ఆ మెచ్చుకోళ్లు మాకు ఫోన్‌లో చదివి వినిపించేవాడు. నేను ఫోన్ టేబుల్ మీద పెట్టి కూర తరుక్కునేదాన్ని.

గ్లాస్గో నుంచి ఒకావిడ మాత్రం, వెనకాల మూలుగు ఓడ జనరేటరుదిలా ఉంది అని రాసింది.

"చూశావా కనకం! ఓడ మీద రికార్డ్ చేశారు! ఎంత సాహసం!"

"గోపీ, ఆ టేపు ఇచ్చినాయన ఓడలోనే కదా పనిచేసేవాడు? ఓసారి అడిగితే పోలా?" అన్నాను.

చెయ్యెత్తలేదు కాబట్టి రెండు రోజులు పట్టించుకోలేదు. మూడోరోజు, సాక్ష్యం కోసం వెళ్దామని తనే అన్నాడు.

మల్లేశు భయ్యా ఓడ ఉద్యోగం మానేసి మాయాబందర్‌లో డింగీ పడవల ఇంజన్లు బాగుచేసుకుంటున్నాడు. తెల్లారకముందే బస్సెక్కితే మధ్యాహ్నం దాటాక దిగాం. నడుములు మూడు ముక్కలయ్యాయి. ఆయన షెడ్డులో ఇంజను విప్పుకుని కూర్చున్నాడు. డెబ్బై దాటాయి, పళ్లు సగమే ఉన్నాయి.

"ఏటి గోపీ, ఆఫీసరు బాబువైపోనావు! కనకం సెల్లెమ్మా, బాగున్నావా? ఎరుకమ్మా, చాయ్ పెట్టీ!" అని లోపలున్న పెళ్లాన్ని కేకేశాడు.

చాయ్ తాగాక గోపి గంభీరంగా ఫోన్ తీసి పాట పెట్టాడు. మల్లేశు భయ్యా రెండు క్షణాలు విన్నాడు. చేతిలో స్పానరు కిందపడింది. తర్వాత ఆయన నవ్విన నవ్వుకి షెడ్డు బయట కుక్క లేచి వెళ్లిపోయింది.

"అరే యార్! ఇది ఇంకా ఉందేటి? ఇది నాను పాడిందిరా!"

గోపి ఫోన్‌లో పాట ఆపేశాడు.

"మీ ఇంగ్లీషోళ్ల పాటలైపోయినాక టేపు ఆరు నిమిషాలు మిగిలిపోనాది. ఖాళీగా ఇస్తే బాగుండదు కదా. మద్రాసు బర్మా బజారులో కొన్న బుల్లి కీబోర్డుంటే, ఇంజను రూము పక్కన కూకుని పాడేసినాను."

"మరి... లవర్ అవే?" అన్నాడు గోపి.

"లవరేటిరా? లోయర్ అవే! నాను వించి మీద, అదే సామాను దింపే మిషను మీద ఉండేవోణ్ణి కదా. కిందకి దింపు అని. ఈజీ అంటే నెమ్మది. హోల్డ్ టూ అంటే రెండో నంబరు సామాను గది. పొద్దస్తమానం అదే అరిసేవోళ్లు, నోటికొచ్చేసినాది. నువ్వు హార్బరాఫీసులోనే కదా పనిజేసినావు? ఎప్పుడూ ఇనలేదా?"

గణేశ్ నవ్వు ఆపుకోలేక ఇంజను వెనక్కి వెళ్లాడు. నేను గోపీని చూశాను. ముప్పై తొమ్మిదేళ్ల ఒంటరితనం సిమెంటు బస్తాలై దిగిపోయింది పాపం. నాకు నవ్వు రాలేదు. ఆ పాట విని నేనూ ఒకప్పుడు ఏడ్చాను, ఆ సంగతి వీళ్లకి చెప్పలేదంతే.

"బాగుంటాది కదా?" అన్నాడు మల్లేశు భయ్యా, కొంచెం సిగ్గుపడుతూ.

గోపి, "బాగుంటది భయ్యా. అన్నిటికంటే బాగుంటది," అన్నాడు. వాడు జీవితంలో సంగీతం గురించి చెప్పిన ఒకే ఒక్క నిజం అనుకుంటాను.

తిరిగొచ్చాక గోపి మగాడిలా వెబ్‌సైట్లో అంతా ఒప్పుకున్నాడు. పాడింది మల్లేశు, అండమాన్ ఓడల్లో వించి నడిపినవాడు, అని పేరుతో సహా రాశాడు. క్షమాపణ కూడా చెప్పాడు.

ఎవరూ నమ్మలేదు.

ఎనభైల్లో ఒక ఇండియా కూలీకి అలాంటి కీబోర్డు పనితనం సాధ్యమే కాదని ఒక నిపుణుడు పన్నెండు పేజీల్లో నిరూపించాడు. గోపి అసూయతో పాటని దాచుకోవాలని చూస్తున్నాడని ఇంకొకడు తేల్చాడు. గోపీని సంఘంలోంచి వెలేశారు. ఆఖరికి ఎవరో ఆ బ్యాండులో డ్రమ్ములు వాయించిన ముసలాయన్ని పట్టుకుని అడిగితే, 'ఆ ఏడాది బాగా తాగేవాళ్లం, మాదే అయ్యుంటుంది' అన్నాడట. దాంతో కేసు కొట్టేశారు.

ఆదివారం మల్లేశు భయ్యాకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాం. గణేశ్ తన రెండో ఫోన్ కూడా తీసి పక్కన పెట్టుకున్నాడు. గోపి మండిపడుతున్నాడు. "నీ పాట దొబ్బేశార్రా భయ్యా! ఊరుకోకూడదు!" ఫైలు మీద సంతకం పెట్టడానికే వారం ఆలోచించే మనిషి, ఇంగ్లండు మీదికి యుద్ధానికి వెళ్లేలా ఉన్నాడు.

"ఆళ్లకంత మోజైతే ఉంచుకోమను," అన్నాడు మల్లేశు భయ్యా. "కానీ ఆ పాటకి రెండో చరణం లేదు కదా. మీరెళ్లినాక కట్టినాను. ఇంటారా?"

పాడాడు. ఈసారి తెలుగులో. కొత్త పెళ్లాన్ని మద్రాసు నుంచి ఓడలో తెస్తుంటే మూడు రోజులూ ఆమె వాంతులు చేసుకోవడం, వించి వదిలేసి ఆయన బకెట్టు పట్టుకు నిలబడటం. రాగం మాత్రం అదే, గుండె పిండే రాగం. వెనక నుంచి ఎరుకమ్మ, "సిగ్గులేదా నీకు, నలుగురికీ సెప్తన్నావు!" అని అరవడం కూడా వినిపించింది.

గోపి పకోడీ నములుతూ కళ్లు తుడుచుకున్నాడు. గణేశ్ తన రెండో ఫోన్ వైపు చూసి తల పట్టుకున్నాడు.

"భయ్యా, ఇంకోసారి పాడవా? రికార్డింగ్ నొక్కడం మర్చిపోయాను."