ఇరవై ఐదో సూది

ఆరేళ్ళలో ముగ్గురికి సూది వేయడం నేర్పాను. ముగ్గురూ నెల తిరక్కుండానే బ్యాగు సర్దుకున్నారు. నాలుగోది మేఘన. ఈ పిల్ల కూడా పోయిందంటే నేను ఈ డయాలసిస్ సెంటర్లోనే ముసలిదాన్నవుతానని నాకు రూఢి అయిపోయింది.

మాది తొర్రూరు రోడ్డులో ఐదు మిషన్ల సెంటర్. కిడ్నీలు పనిచేయని వాళ్ళు వారానికి మూడుసార్లు వచ్చి నాలుగేసి గంటలు పడుకుంటారు. మిషను వాళ్ళ రక్తాన్ని కడిగి మళ్ళీ లోపలికి పంపుతుంది. వాళ్ళకు మూడు రోజులు, నాకు ఆరు రోజులు. మిషన్లు నడుస్తుండగా టెక్నీషియన్ గది వదలకూడదు, ఇదీ రూలు. ఉన్న టెక్నీషియన్ని నేనొక్కదాన్నే, ఇదీ నా ఖర్మ. మా ఆయన రాజేందర్ భూపాలపల్లి బొగ్గుగనిలో పనిచేస్తాడు. కూతురు పూజ అక్కడే నాయనమ్మ దగ్గర ఉండి ఏడో తరగతి చదువుతోంది. మొన్న మాఘంలో పిల్ల పెద్దమనిషైందని ఫోనొచ్చినప్పుడు ఐదు మిషన్లూ నడుస్తున్నాయి. "అమ్మా, ఎప్పుడొస్తవ్?" అంది. ఆదివారం అన్నాను. ఆ రోజు సోమవారం. నా జన్మలో అంత ఏడుపు ఎప్పుడూ ఏడవలేదు, అదీ మాస్కు వెనక.

భూపాలపల్లి సెంటర్లో ఒక ఖాళీ ఉంది. బదిలీ అడిగితే మా మేనేజరు విద్యాసాగర్ సారు ఒకటే మాటన్నాడు. "నీ జాగల ఇంకొకర్ని తయారుచెయ్యమ్మా, తెల్లారే రిలీవ్ చేస్త."

తయారుచేయడమంటే ఒక లాగ్‌బుక్ నింపడం. నేర్చుకునేవాళ్ళు నా కళ్ళ ముందు ఇరవై ఐదుసార్లు సరిగ్గా సూది వేయాలి. ప్రతిసారీ పేషెంటు సంతకమో వేలిముద్రో పడాలి, కింద నా సంతకం ఉండాలి. పేషెంటు వద్దంటే అది లెక్కలోకి రాదు.

మేఘన చెయ్యి మంచిది. పేషెంటు చేతిలో రెండు రక్తనాళాలను కలిపి కుట్టిన చోట ముందు అరచేయి ఆనిస్తుంది. లోపల రక్తం జుమ్మంటోందని తేల్చుకున్నాకే సూది పట్టుకుంటుంది. నాకు ఏడాది పట్టిన పని దానికి నెలలో వచ్చేసింది. అయినా రెండు నెలలైనా లాగ్‌బుక్కు తొమ్మిది దాటలేదు. సూది తగలకముందే బయ్యారం నుంచి వచ్చే ముసలామె కట్టమ్మ "ఓ అవ్వో, సచ్చిపోయిన!" అని గగ్గోలు పెట్టేది. కేసముద్రం మార్కెట్లో పత్తి వ్యాపారం చేసే రామచందర్ సేటు చెయ్యి గుంజుకుని "సౌందర్యా, నువ్వే రా అమ్మా" అనేవాడు. నేను వెళ్ళి పొడిస్తే మాత్రం ఇద్దరూ కిక్కురుమనేవాళ్ళు కాదు. మేఘన బాత్రూంలో ఏడ్చి వచ్చి "నా చెయ్యే మంచిది కాదక్కా, నేను పోత" అనేది. నేనూ, సిగ్గు విడిచి చెబుతున్నాను, దాన్నే తిట్టాను.

ఒక బుధవారం పొద్దున, ఇంకా ఎవరికీ మిషను తగిలించకముందు, మిషన్లకు నీళ్ళు శుద్ధిచేసే ప్లాంటు చూసి వస్తుంటే కిటికీలోంచి సేటు గొంతు వినిపించింది.

"మొన్న నేను చెయ్యి గుంజుకున్న. ఇయ్యాల ఒర్లుడు నీ వంతు కట్టమ్మా."

"ఒర్లుడేంది సేటూ, చెయ్యే ఇయ్య. గా పోరి నేర్చుకున్నదంటే మన సౌందర్య పోతది. మొదలు ముగ్గుర్ని ఎల్లగొట్టలేదా?"

నాకు ఒళ్ళు భగ్గుమంది. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను.

"ఎంత పని చేసిన్రు! ఆరేండ్ల సంది మిమ్ముల సాకితే నన్నే కట్టేస్తిరా? నా బిడ్డ పెద్దమనిషైన నాడు నేను మీ కాడ కూసున్న. గది ఎర్కేనా మీకు?"

సేటు పైకప్పు చూడటం మొదలుపెట్టాడు. కట్టమ్మ మాత్రం తగ్గలేదు.

"నీకంటే ముందు ఒకడు పొడిస్తే నా చెయ్యి మోచెయ్యి దాక నల్లగై ఉబ్బింది. మల్ల ఆపరేషన్ జేపిచ్చుకునే ఓపిక లేదు బిడ్డా. మాకు బతుకుడు గావాలె. ఏం జెయ్యమంటవ్?"

ఆ మాట విన్నా నా కోపం చల్లారలేదు. ఆ రోజు అందరికీ సూదులు నేనే వేశాను.

శుక్రవారం కట్టమ్మ వచ్చి మంచమెక్కి, నన్ను కాదు, మేఘనను పిలిచింది. "రా బిడ్డా. మంచిగ ముట్టి సూసి ఎయ్యి. జర నిమ్మలంగ." కొంగు నోట్లో కుక్కుకుని కళ్ళు మూసుకుంది. రక్తం తీసే సూదీ, తిరిగి పంపే సూదీ రెండూ చక్కగా దిగాయి.

"గింతేనా?" అని కళ్ళు తెరిచి నా వైపు తిరిగింది. "నీకు బిడ్డున్నదని ఎర్కే. గని నువ్వు గింత గోసవడుతున్నవని ఎర్కలేకపాయె. మేం ఈడ మూడొద్దులే పండుకుంటం. నువ్వు ఆరొద్దులు నిలవడుతవు. పో బిడ్డా, నీ పిల్ల కాడికి పో."

ఆ తర్వాత ఎవరూ చెయ్యి గుంజుకోలేదు. పది రోజుల్లో లాగ్‌బుక్కు నిండింది. ఇరవై ఐదో సూది సేటుకే పడింది. సంతకం చేసి "మంచిగ పోయి రా అమ్మా" అని దండం పెట్టాడు. సోమవారం నుంచి ఇంట్లోనే ఉంటానని పూజకు ఫోన్ చేస్తే, పిల్ల వేసిన కేకకు నా చెవులు గింగురుమన్నాయి. ఆ రాత్రే సామాను మూటగట్టేశాను.

శనివారం విద్యాసాగర్ సారు ఫోన్ చేశాడు. "మస్తు తయారుచేసినవమ్మా! భూపాలపల్లి ఖాళీల మేఘనను ఏసిన్రు. గంత మంచిగ నేర్పేటామెను ఆడికెల్లి కదపొద్దని పైనోళ్ళ మాట. జర ఓపిక పట్టు, ఇంకో ఇద్దర్ని నీ కాడికే పంపుత."

మేఘన భోరుమంది. "నేను పోనక్కా, నువ్వే పో" అంది. అది పోకపోతే దాని ఉద్యోగం ఊడుతుంది, నాకు ఒరిగేదేమీ లేదు. దాన్ని నేనే బస్సెక్కించాను. పూజకు చెప్పకుండా వాళ్ళ నాన్నకు ఫోన్ చేశాను. రాజేందర్ "సరే తియ్" అని పెట్టేశాడు.

సోమవారం పొద్దున నన్ను చూసి కట్టమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. జరిగింది చెప్పాను. లోలోపల సంబరపడుతుందేమోనని కోపంగానే చూశాను. ఆమె మంచమెక్కలేదు. వచ్చి నా చేతులు రెండూ పట్టుకుంది.

"మేం ఇడిసిపెట్టినం గద బిడ్డా," అంది. "మల్ల ఎవలు పట్టుకున్నరు నిన్ను?"