ఫిలిప్ తొట్టిలో ఉప్పు

మామిడికుదురు పక్కన నగరం అనే ఊళ్ళో, ఎవరైనా గల్ఫు నించి వచ్చి డాబా వేసుకుంటే జనం ఓ వారం చెప్పుకుని ఊరుకుంటారు. ఫిలిప్ డాబా వేసి ఊరుకోలేదు, దాని వెనకాల స్విమ్మింగ్ పూలు కట్టించేడు. ఇంకేముంది, ఊరికి ఊరే నవ్వింది. ఇటు గోదావరి పాయ, అటు సముద్రం, వానొస్తే వీధంతా నీళ్ళే. అలాంటి చోట పనిగట్టుకుని నీళ్ళు కట్టించుకునేవాణ్ణి ఏమంటారు చెప్పండి? దానికి 'ఫిలిప్ తొట్టి' అని పేరు పెట్టేసేరు. నాలుగు నులకమంచాలు పట్టేంత ఉంటుంది, అంతే. నీలం పలకలు పరిచి, ఓ మూల మెట్లు కట్టించేడు.

నవ్వినవాళ్ళని తప్పుపట్టను గానీ, వాళ్ళకి అసలు సంగతి తెలీదు. ఆ తొట్టి అతను వాళ్ళావిడ సువార్త కోసం కట్టించేడు.

మస్కట్టులో ఓ పెద్ద విల్లాలో ఫిలిప్ స్విమ్మింగ్ పూలు శుభ్రం చేసేవాడు. సువార్త అదే ఇంట్లో వంట చేస్తూ, యజమాని తల్లికి, అంటే మంచాన పడ్డ ముసలమ్మకి, సేవ చేసేది. ఒకే ఇంట్లో ఉండి కూడా మొగుడూ పెళ్ళాలు పలకరించుకోవడానికి ఆ పూలు గట్టు తప్ప వేరే చోటు లేదు. ఓసారి ఎండాకాలంలో యజమానులు ఊరెళ్ళినప్పుడు, సువార్త చెప్పులు విడిచి ఒక కాలు నీళ్ళలో పెట్టింది. పెట్టిందో లేదో, డ్రైవరు మేడమీంచి చూసి కసిరేడు. ఉలిక్కిపడి కాలు లాక్కుని, తడి తుడుచుకోకుండానే వంటింట్లోకి పరిగెత్తింది. పాలరాయి మీద ఆ తడి అడుగులు ఆరిపోయేదాకా ఫిలిప్ చూస్తూ నిలబడ్డాడు.

"మనూళ్ళో మనకే ఒకటి కట్టిస్తానే. ఎవడు కసురుతాడో చూస్తాను" అన్నాడు మర్నాడు.

"ఆయ్" అంది సువార్త.

ఈ 'ఆయ్' గురించి కాస్త చెప్పాలి. ఆవిడ దేనికైనా ఆయ్ అంటుంది. అన్నం తిన్నావా? ఆయ్. ఒంట్లో బాగుందా? ఆయ్. నడుం పట్టేసి ఫిలిప్ పని మానుకుని ఊరొచ్చేసేక, రోజూ మధ్యాహ్నం ముసలమ్మ నిద్రపోయే వేళకి ఆవిడ ఫోను చేసేది. "ఇంక చాల్లే, వచ్చెయ్యి" అనేవాడు. "ఆయ్, వచ్చేస్తానండి" అనేది. ఆ ఆయ్ ఉత్తదేనని అతనికి తెలుసు. అయినా రోజూ అడిగేవాడు. పిల్లలా లేరు. ఒక్క కంచం కడుక్కుని, ఒక్క గ్లాసు బోర్లించుకుని, అంత డాబాలో ఫోను మోగేదాకా గోడలకేసి చూస్తూ కూర్చునేవాడు. ఒంటరితనం అంటే అదేనండి, దానికి ఇంకో పేరు వెతకక్కర్లేదు.

తొట్టి పూర్తయ్యేక సువార్త మొదటిసారి సెలవు మీద వచ్చింది. ఫిలిప్ చెయ్యి పట్టుకుని మరీ పెరట్లోకి తీసికెళ్ళేడు. ఆవిడ మెట్టు మీద కూర్చోబోయి, గబుక్కున కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"బ్లీచింగు కంపండీ. అక్కడ పొద్దస్తమానం ఆ ముసలమ్మ గదీ, బాత్రూమూ దీంతోనే కడుగుతాను. ఇక్కడా ఇదేనా?"

ఉన్నన్నాళ్ళూ ఇంక పెరటి తలుపు తియ్యలేదు. తొట్టి చూస్తే ఉండిపోతుందనుకున్న వెర్రిబాగులాడు ఆ తలుపుకేసీ ఆవిడకేసీ చూస్తుండగానే సెలవు అయిపోయింది.

ఈ వేసవిలో మళ్ళీ సెలవు దొరికిందని ఫోను రాగానే ఫిలిప్ ఓ నిశ్చయానికొచ్చేడు. తొట్టిని ఉప్పునీళ్ళకి మార్చెయ్యాలి. మస్కట్టులో ఆఖరి రోజుల్లో ఆ పని తన చేత్తోనే చేసేడు. నీళ్ళలో తగుమాత్రం ఉప్పు కలిపి, పంపు గొట్టానికి ఓ మిషను బిగిస్తే, ఆ ఉప్పులోంచే అది కాస్త కాస్త క్లోరిను తీసుకుంటుంది. బ్లీచింగు డబ్బాలు విప్పి పొయ్యక్కర్లేదు, ముక్కు పగిలే వాసనా ఉండదు. వాసన లేకపోతే సువార్త మెట్టు మీద కూర్చుంటుంది. కూర్చుంటే కాళ్ళు పెడుతుంది. కాళ్ళు పెడితే ఇంక మస్కట్టు వెళ్ళనంటుంది. అతని ఆశ అదీ.

మిషను హైదరాబాదు నించి పార్సిల్లో వచ్చింది. ఉప్పు రాజోలు నించి ఆటోలో వచ్చింది. ఇక్కడే మనవాడు ఘనకార్యం చేసేడు. జనం మళ్ళీ నవ్వుతారని బస్తాల మీద పరదా కప్పించి, చడీచప్పుడు లేకుండా పెరట్లో దింపించేడు. కోనసీమలో పెరట్లో ఉప్పు దాచడమంటే దొంగసారా దాచినట్టే కదండీ! ఉప్పునీళ్ళు ఎక్కించి రొయ్యల చెరువులు చేస్తే చుట్టుపక్కల నూతులూ తోటలూ ఎలా ఉప్పెక్కి పాడవుతాయో ఇక్కడ ఎవరికి తెలీదు? ఆటోవాడు ఒక్కడికి చెప్పేడు. సాయంత్రానికల్లా ఫిలిప్ తొట్టి కాస్తా రొయ్యల చెరువైపోయింది.

పక్కింటి జయమ్మగారు ఆదివారం పూట కూర గిన్నె పట్టుకొచ్చే మనిషి. ఆ ఆదివారం గేటు దాకా వచ్చి గిన్నెతో సహా వెనక్కి తిరిగిపోయింది. చర్చిలో అతని పక్కన ఎవరూ కూర్చోలేదు. పాలవాడు కూడా పిలవకుండా పేకెట్టు గోడ మీద పెట్టిపోయేడు. రోజుకి దొరికే నాలుగు మాటలూ అలా పోయేయి. ఫిలిప్ మాత్రం ఉప్పు కలిపి, బ్రష్షుతో అడుగంతా తోమి, అంతా కరిగేక మిషను ఆన్ చేసుకున్నాడు.

కొన్నాళ్ళకి మాణిక్యాలరావుగారు వచ్చేరు. గోడ అవతల కొబ్బరితోట ఆయనది. మర్యాదస్తుడు, కోపమొస్తే మరీ మర్యాద.

"ఏవండీ ఫిలిప్ గారూ, రొయ్యలెప్పుడు వేస్తున్నారండి?"

"రొయ్యలేంటండి బాబూ! మా ఆవిడ కోసమండి."

"మీ ఆవిడకి రొయ్యలంటే ఇష్టమాండి?"

ఫిలిప్ తల బాదుకుని, మస్కట్టు దగ్గర్నించీ మొత్తం చెప్పుకొచ్చేడు. ఆయన సగం నమ్మి, తొట్టి గట్టున గొంతుక్కూర్చుని, పుడిసెడు నీళ్ళు తీసి నోట్లో పోసుకున్నారు. ఇక్కడి రైతులు నీళ్ళలో ఉప్పుని నాలికతోనే చూస్తారు మరి. పుక్కిలించి ఉమ్మేసేరు.

"మా ఇంట్లో పప్పుచారు ఇంతకన్నా ఉప్పగా ఉంటుందండి."

ఫిలిప్ నవ్వేడు. ఆయన నవ్వలేదు.

"మరి ఫిల్టరు కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతున్నాయండి?"

ఫిలిప్ గోడ వైపు చూపించేడు. మస్కట్టులో ఇసకలోకి వదిలేసేవాళ్ళు. అదే అలవాటుగా ఇక్కడ గోడ పక్క బోదెలోకి వదిలేడు. బోదె నీళ్ళు పోయేది మాణిక్యాలరావుగారి తోటలోకి. ఇద్దరూ వెళ్ళి చూసేరు. బోదె వారనున్న కంద మొక్కల ఆకులు కొసలు మాడిపోయి ఉన్నాయి.

ఊరంతా తనని అన్యాయంగా వెలేసిందని ఇన్నాళ్ళూ కుమిలిపోయినవాడు, ఆ మొక్కల ముందు తలొంచుకుని నిలబడ్డాడు.

"తప్పయిపోయిందండి. తొట్టి ఖాళీ చేసెయ్యమంటారా అండి?" అన్నాడు. ఆయన ఊఁ అంటే సువార్త వచ్చేసరికి ఉండేది ఖాళీ తొట్టే.

మాణిక్యాలరావుగారు మాడిన ఆకు కొస ఒకటి తుంచి పారేసేరు. "మీ ఆవిడ ఎప్పుడొస్తుందండి?"

"ఈ శనివారమండి."

"సిమెంటు గాబు కట్టుకుని ఆ నీళ్ళు అందులోనే ఎండబెట్టుకోండి. ఒక్క చుక్క బోదెలో పడిందా, నేను మర్యాద మర్చిపోతానండి."

పట్టేసిన నడుంతోనే, అమ్మా అబ్బా అనుకుంటూ, ఇటిక మీద ఇటిక పేర్చి ఫిలిప్ గాబు కట్టేసేడు.

శనివారం సువార్త వచ్చింది. బాగా చిక్కిపోయింది. "ఎయిర్‌పోర్టులో నా వేలిముద్ర పడలేదండి. ఎన్నిసార్లు నొక్కినా మిషను తీసుకోదే! చివరికి కౌంటర్లో అమ్మాయే విసుక్కుని పొమ్మంది" అని నవ్వుతూ చెప్పింది. విమానానికి బయల్దేరే ముందు కూడా ముసలమ్మ గది కడిగే వచ్చిందిట. ఫిలిప్ కి ఇవేవీ చెవికెక్కలేదు. ఎప్పుడు తెల్లారుతుందా అని ఉంది అతనికి.

తెల్లారింది. పెరటి తలుపు తీసేడు. "రావే, ఈసారి చూడు."

సువార్త వచ్చి మెట్టు మీద కూర్చుంది. ఆవిడ వంగి, దోసిట్లో నీళ్ళు తీసుకుని మొహం దగ్గర పెట్టుకుంది.

"వాసనొస్తోందండీ" అంది మెల్లిగా.

"ఛ, ఎక్కడుందే వాసన!" ఫిలిప్ నీళ్ళు తీసి వాసన చూసేడు. ఏమీ లేదు. అటుపక్క తీసి చూసేడు. లేదు. మనిషికి పిచ్చెత్తినంత పనైంది. గోడ మీంచి చూస్తున్న జయమ్మగారిని చెయ్యూపి పిలిచేడు. మాణిక్యాలరావుగారి నోట విషయం విన్నదేమో, ఆవిడ బెట్టు చెయ్యకుండానే వచ్చింది. నీళ్ళు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏ వాసనా లేదు కదమ్మా సువార్తా. వట్టి నీళ్ళు."

"లేకపోవడమేంటి జయమ్మత్తా? ఇదిగో!" అంటూ సువార్త దోసిలి ఫిలిప్ మొహం దగ్గర పెట్టింది.

ఫిలిప్ వంగి చూసేడు. ఉంది. అదే బ్లీచింగు. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోయేయి, వాసన మాత్రం పోలేదు. అప్పుడు చూసేడు ఆ అరచేతుల్ని. తెల్లగా పాలిపోయి, పగిలి, వేళ్ళ చివర గీతలన్నీ చెరిగిపోయి ఉన్నాయి. వేలిముద్ర ఎందుకు పడలేదో అప్పటికి గానీ ఎక్కలేదు మొద్దు బుర్రకి. తొట్టి నీళ్ళు మార్చేడు గానీ, ఈ చేతులు ఎప్పుడైనా చూసేడా?

అతని మొహం చూసి సువార్తకి అర్థమైపోయింది. చేతులు కొంగులో దాచుకోబోయింది. ఫిలిప్ దాచుకోనివ్వలేదు. రెండు చేతులూ పట్టుకుని నీళ్ళలో ముంచి పెట్టేడు. జయమ్మగారు చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయింది.

కాసేపటికి సువార్త చీర కాస్త పైకి తీసుకుని, కాళ్ళు రెండూ నీళ్ళలో పెట్టింది. అలవాటు కొద్దీ ఓసారి తలెత్తి డాబా పైకి చూసింది. కసిరేవాళ్ళు ఎవరూ లేరు.

"ఎన్నాళ్ళకి పోతుందండీ ఈ వాసన?"

"ఇక్కడుంటే పోతుంది. ఉండిపోవే సువార్తా."

నీళ్ళలోంచి తీసిన చేతులకేసి చూసుకుంటూ కూర్చుంది ఆవిడ.

"ఆ ముసలమ్మ నా చేత్తో పెడితే తప్ప ముద్ద మింగదండి. వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు" అంది చివరికి.

ఫిలిప్ కి ఏడుపొచ్చింది. దాచుకోకుండా ఏడ్చేడు. తనూ కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ ఫోనులో రోజూ విని విసుక్కున్న ఆ ఉత్తుత్తి ఆయ్, ఇప్పుడు ఒక్కసారి అంటే బాగుండునని అతనికి అనిపించింది.