చుక్కలో మిగిలినవి

సంతాన సాఫల్య కేంద్రం ల్యాబులో ఆ అమ్మాయిని అందరూ సందేహాలమ్మ అనేవాళ్లు. దేన్నీ ఊరికే నమ్మే రకం కాదు. పిండం నుంచి కణాలు తీసే పని నేర్పుతున్న సీనియర్ అక్క ప్రాణాలను ప్రశ్నలతో తోడేసేది.

ఆ రోజు మైక్రోస్కోపు కింద ఉన్నది ఒకే ఒక్క పిండం. చికిత్సకు వచ్చిన ఓ దంపతులకు మిగిలిందీ అదే. భార్యాభర్తలిద్దరిలోనూ ఒక రక్తజబ్బు తాలూకు లోపం దాగి ఉంది. ఇద్దరి నుంచీ వస్తేనే బిడ్డకు జబ్బు. వాళ్ల మొదటి బిడ్డ అలాగే పోయింది. ఈసారి ముందే తెలుసుకోవాలని వచ్చారు.

సందేహాలమ్మ పని మొదలుపెట్టింది. లేజరుతో పిండం పెంకుకు చిన్న రంధ్రం చేసి, బిడ్డయ్యే ముద్ద జోలికి పోకుండా, రేపు గర్భంలో మాయగా మారే పైపొర నుంచి నాలుగైదు కణాలు లాగింది. గాలి తీసిన బుడగలా పిండం ముడుచుకుపోయేసరికి ఆమె కంగారుగా అక్క వైపు చూసింది. కాసేపటికి అదే పొంగుతుందిలే అంది అక్క.

ఇక ఆ కణాలను సన్నటి గాజు గొట్టం, పిపెట్‌తో పరీక్షకు పంపే ట్యూబులో వదలాలి. వదిలింది. ట్యూబులో కంటికి కనిపించేవి కావు, పడ్డాయనుకోవడమే. మూత పెట్టబోతుంటే అక్క ఆపి, పిపెట్‌లో మిగిలింది పళ్లెంలో పక్కనున్న ద్రవం చుక్కలోకి వదిలి మైక్రోస్కోపులో చూడమంది. అక్కకదో చాదస్తమని ల్యాబంతా నవ్వుకునేది. చిత్రమేమిటంటే, అన్నిటినీ అనుమానించే పిల్లకు తన చేతి మీద మాత్రం అనుమానం రాలేదు.

అయినా పెద్దామె మాట కాదనలేక వదిలి చూసింది. కణాలు చుక్కలోనే ఉన్నాయి! పిపెట్ గాజుకే అతుక్కుని ట్యూబులోకి పోనేలేదు. ఖాళీ ట్యూబు పంపి ఉంటే, ఆ ఒక్క పిండాన్నే మళ్లీ గిల్లాల్సి వచ్చేది. అది తట్టుకుంటుందో లేదో ఎవరు చెప్పగలరు?

"నీ చేతినీ అడగాలమ్మా ప్రశ్నలు," అంది అక్క.

కణాలను మళ్లీ ఎత్తి, కొత్త ట్యూబులో వదిలి, పిపెట్‌లో మిగిలింది మరో చుక్కలో మళ్లీ చూసింది. ఈసారి చుక్క ఖాళీ.

ఫలితం వచ్చిన రోజు ఆ దంపతులతో పాటు ఆమెనూ డాక్టరమ్మ గదిలోకి పిలిచారు. ఆ తల్లి పిండం ఫొటో అడిగి తీసుకుంది. బిడ్డ ఎటు, మాయ ఎటు, ఎక్కడ గిల్లారని ఒక్కొక్కటే అడుగుతుంటే సందేహాలమ్మకు ముచ్చటేసింది. డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. లోపం ఒక్కరి నుంచే వచ్చిందట. బిడ్డకు జబ్బు రాదు, లోపాన్ని మోస్తుందంతే.

భర్త ఇంకా అర్థంకాక చూస్తున్నాడు. భార్య వేలు ఫొటో మీదే ఉంది.

"అంటే మాలాగే అన్నమాట," అంది. "మేం బతికే ఉన్నాం కదండీ."